మేడం గారి యూనిట్లో అంతా బాగుందండి

మా అన్నపూర్ణమ్మ గారి గురించి చెప్పాలంటే ముందు ఆవిడ క్యారియర్ గురించి చెప్పాలి, డాక్టరీ ఆ తరవాత. రాజమండ్రిలో ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రి మాది. అందులో కాన్పుల విభాగానికి ఆవిడ ప్రొఫెసరు, మా అందరికీ మేడం గారు. నేను తబితను, అక్కడి ఆపరేషన్ థియేటర్‌కి హెడ్ నర్సుని. ధవళేశ్వరం నుంచి వచ్చి ఆవిడ కారు దిగగానే వెనక డ్రైవరు ఒక చేత్తో ఫైళ్ళ సంచీ, రెండో చేత్తో క్యారియర్ మోసుకొస్తాడు. ఆ క్యారియర్ ఆవిడ కోసం కాదు, పీజీల కోసం. పీజీలంటే ఎంబీబీఎస్ అయ్యాక మా దగ్గర మూడేళ్ళుండి కాన్పులూ ఆపరేషన్లూ నేర్చుకునే కుర్ర డాక్టర్లు. మధ్యాహ్నం కాగానే వాళ్ళందర్నీ డ్యూటీ రూములో వరసగా కూర్చోబెట్టి, పనసపొట్టు కూర, ముద్దపప్పు, దప్పళం, శనివారమైతే గారెలు తన చేత్తో వడ్డిస్తేనే ఆవిడకి తిన్నట్టుంటుంది. వాళ్ళాయన ఇరిగేషన్ ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కొబ్బరి తురమడం ఆయన డ్యూటీ.

చాలండీ అంటే ఆవిడ వినరు. కంచం మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తారు. నాకూ పెట్టారు, నేనూ తిన్నాను, నా నడుం చుట్టుకొలత చూస్తే తెలుస్తుంది.

థియేటర్లోనూ ఆ చెయ్యి అంతే, ఊరుకోదు. సిజేరియన్ మొదలైందంటే పైచర్మం కొయ్యడం పీజీ పిల్లకి ఇస్తారు. గర్భసంచి దాకా వచ్చేసరికి ఆ చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. "ఇలా ఇయ్యి తల్లీ, నువ్వు రాత్రంతా నిద్రపోలేదు" అని కత్తి తీసుకుంటారు. బిడ్డని తనే తీస్తారు, సంచిని తనే కుడతారు. ఆఖర్న పైకుట్లు వెయ్యమని పిల్లకి అప్పగించి, "ఎంత బాగా వేశావే" అని మెచ్చుకుంటారు కూడాను. ఆవిడ పనితనానికి నేను వంక పెట్టలేను. ఆవిడ ఆపరేషన్ చేస్తుంటే రక్తం తుడిచే గుడ్డలకి పనే ఉండదు. కానీ పక్కన నిలబడి చూస్తే ఈత వస్తుందా? ఎదురుగా గోదారి పెట్టుకుని ఈ మాట చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంటుంది.

ఈ బాధ అందరికంటే ఎక్కువ మింగిన పిల్ల వీరదుర్గ. నరసాపురం దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది వాళ్ళ పల్లె. నాన్న సత్తియ్య వేటకి వెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. ఆ పల్లెలో మొదటి డాక్టరు ఈ పిల్లే. అక్కడికి దగ్గర్లోని గవర్నమెంటు ఆసుపత్రిలో థియేటరుంది, బల్ల ఉంది, లైట్లున్నాయి, ఆపరేషన్ చేసే కాన్పుల డాక్టరే లేరు. నొప్పులొచ్చిన ఆడవాళ్ళని అంబులెన్సులో భీమవరమో ఏలూరో తోలతారు. చదువవగానే దుర్గ చేరబోయేది అక్కడే. పల్లెలో ఆడవాళ్ళంతా అప్పుడే బుక్ చేసేసుకున్నారు. వదిన లోవలక్ష్మికి మూడో నెల, మొదటి కాన్పూ ఆపరేషనే. ఆవిడైతే "నా ఆపరేషన్ నువ్వే చెయ్యాలి, ఇంకెవరి దగ్గరికీ వెళ్ళను" అని ఒట్టు కూడా వేయించుకుంది.

ఈ పిల్ల చూస్తే ఆఖరి ఏడాదిలో ఉంది, గర్భసంచి మీద కత్తి పెట్టిన పాపాన పోలేదు. ఒకరోజు థియేటర్ బట్టలు మార్చుకునే గదిలో గోడవైపు తిరిగి ఏడుస్తుంటే పట్టుకున్నాను. పదిమందిలో డాక్టరు గారూ అంటాను, చాటున ఒసేయ్ అంటాను, మా ఇద్దరికీ అలా చెల్లుతుంది.

"అక్కడ నా ఎదురుగా మేడం గారుండరండి సిస్టర్ గారూ" అంది. "కత్తి ఇలా ఇయ్యి అనేవాళ్ళుండరు. బల్ల మీద మా వదిన ఉంటుంది. నేనేం చెయ్యాలండి?"

మేడం గారికి చెప్పమన్నాను. అమ్మో అంది. అన్నం పెట్టే మనిషికి అలా ఎలా చెప్తామండి అంది. నాకు ఒళ్ళు మండింది గానీ ఏం లాభం, ఈ జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఎదుటివాళ్ళ మొహం మీద బాలేదు అనే మాటకి నోరు తిరగదు. కూరలో ఉప్పు మర్చిపోయినా సరే ఇంకొంచెం వడ్డించండి అంటారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాలేజీ వాళ్ళు ఒక ఏర్పాటు తెచ్చారు. ప్రతి విభాగంలోనూ పీజీల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి, శిక్షణ ఎలా ఉందో వాళ్ళనే అడగాలి, లోపాలుంటే దిద్దుకోవాలి. మా విభాగంలో ఆ బాధ్యత అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉదయ్‌భాస్కర్‌కి అంటగట్టారు. తాడితోటలో వాళ్ళ నాన్నగారిది చీరల కొట్టు. మనిషి నెమ్మది, బిగ్గరగా తుమ్మడానికి కూడా మొహమాటపడతాడు. ప్రశ్నలన్నీ కాగితం మీద అచ్చువేయించి, పక్కన ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు పెట్టించాడు. నేర్చుకునే అవకాశం ఎలా ఉంది, పెద్దలు ఎలా చూస్తున్నారు, ఆపరేషన్లు చేయనిస్తున్నారా, అన్నీ ఉన్నాయి. బాగా ఉంటే ఐదు, బాలేకపోతే ఒకటి.

ఆ కాగితాలు మేడం గారి చేతిలో పడ్డాయి. ఆవిడకి పట్టలేని సంతోషం వేసింది. పిల్లలు మనసు విప్పి రాయాలి అన్నారు. మనసు విప్పడానికి ఆవిడకి తెలిసిన దారి ఒకటే కదా, ఆ రోజు క్యారియర్‌తో పాటు పెద్ద గిన్నె కూడా దిగింది. గారెలు, పులిహోర, పాయసం. డ్యూటీ రూములో ఒక్కొక్కరికీ వడ్డించి, కంచం పక్కనే కాగితం, పెన్ను పెట్టి, "మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు రాయండమ్మా" అని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఇంకేముంది, అందరూ అన్నిటికీ ఐదే. లోపాలుంటే రాయండి అన్న చోట సాయిప్రసన్న అనే పిల్ల "పాయసం ఇంకొంచెం ఉంటే బాగుండును" అని రాసింది. దుర్గ కాగితం తీసి చూశాను. ఆపరేషన్లు చేయనిస్తున్నారా అన్న ప్రశ్నకి ఐదు చుట్టూ సున్నా చుట్టి, పక్కన చాలా బాగుందండి అని కూడా రాసింది వెర్రిమొహం.

"మొన్న గదిలో ఏడ్చింది ఎవరే?" అన్నాను.

"అప్పుడే నా కంచంలో మూడో గారె వేశారండి" అంది.

మేడం గారు ఆ కాగితాలు కనపడ్డవాళ్ళందరికీ చూపించారు. మత్తు డాక్టరుకీ, పిల్లల వార్డు వాళ్ళకీ, లిఫ్టు ఆపరేటరుకీ. తప్పు పట్టడానికి లేదు, ఆవిడ నిజంగానే నమ్మారు. నమ్మనివాడు ఉదయ్‌భాస్కర్ ఒక్కడే. ఆ సాయంత్రం నా గదికొచ్చి కాగితాలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"మా కొట్లో, చాలా బాగుందండి, మళ్ళీ వస్తాం అన్న మనిషి మళ్ళీ రాదండి సిస్టర్ గారూ" అన్నాడు. "అంచు బాలేదు, రంగు నిలవదేమో, అని గంటసేపు సణిగినావిడే కొంటుంది. ఈ కాగితాల్లో ఒక్క సణుగుడూ లేదండి. నాకు భయంగా ఉంది."

మొదటిసారి ఆ అబ్బాయి మీద నాకు గౌరవం కలిగింది. దుర్గ పేరెత్తకుండా, పిల్లలకి కత్తి అందడం లేదన్నది మాత్రం చెప్పాను. అతనికీ తెలుసు. తెలిసినా ప్రొఫెసరు గారికి చెప్పే ధైర్యం లేదు, అతనూ ఆవిడ గారెలు తిన్నవాడే. అందుకని ప్రశ్నలే మార్చేశాడు. ఎలా ఉంది అని అడగడం మానేశాడు. దానికి మన వాళ్ళ దగ్గర ఉన్నది ఒకటే జవాబు అని చిన్నప్పట్నుంచీ కొట్లో కూర్చుని నేర్చుకున్నాడు. కొత్తగా రెండే రెండు ప్రశ్నలు పెట్టాడు. నువ్వు ఉన్న ఆఖరి సిజేరియన్‌లో గర్భసంచి కోసింది ఎవరు, బిడ్డని తీసింది ఎవరు? ఇది మొదటిది. వచ్చే ఏడు నీ సొంత చెల్లెలు ఈ యూనిట్లో చేరతానంటే ఏం చెబుతావు? ఇది రెండోది. కాగితం లేదు, పేరు లేదు, ఫోన్లోనే నొక్కి పంపెయ్యాలి.

ఇంకొక్క షరతు ఉంది. ఆ రోజు భోజనం రాకూడదు. ఆ మాట మేడం గారికి చెప్పడానికి ఉదయ్‌భాస్కర్ నన్ను తోడు తీసుకెళ్ళాడు. గుమ్మం దగ్గర నన్ను ముందుకి తోశాడనే అనాలి.

"ఏం, నా వంటకి ఏమొచ్చింది?" అన్నారు ఆవిడ.

"మీ కూర తిన్నాక ఎవరూ నిజం రాయరండి" అన్నాడతను తల వంచుకుని. ఆవిడ పకపకా నవ్వి సరేనన్నారు. ఆ నవ్వు చూసి నాకే జాలేసింది, ఏం రాబోతోందో ఆవిడకి తెలియదు కదా.

మాట ప్రకారం ఆ రోజు క్యారియర్ రాలేదు. కానీ డ్రైవరు ఒక స్టీలు డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సున్నుండలు. ఇవి భోజనం కాదు కదా, పిల్లలకి ఇమ్మన్నారు అన్నాడు. ఇలాంటి ఘటాన్ని ఏం చెయ్యాలి? డబ్బా తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాను. పిల్లలందరూ ఫోన్లలో నొక్కి పంపేశామని చెప్పాక తీశాను.

మర్నాడు జవాబులు చూసిన ఉదయ్‌భాస్కర్ మొహంలో నెత్తురు లేదు. మొదటి ప్రశ్నకి అందరి జవాబూ ఒకటే, మేడం గారు. రెండోదానికి ఎవరి మాటల్లో వాళ్ళు రాశారు. కన్నకూతురిలా చూస్తారు, కళ్ళు మూసుకుని చేరు అని మొదలుపెట్టి, ఆపరేషన్ నేర్చుకోవాలంటే మాత్రం వేరే చోట చూసుకో చెల్లీ అని ముగించినవాళ్ళే అందరూ. ఒక జవాబు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. "ఇక్కడ నీ కడుపు నిండుతుంది చెల్లీ, చెయ్యి మాత్రం ఖాళీగానే ఉంటుంది. నేను ఊరెళ్ళాక మనవాళ్ళకి ఏం సమాధానం చెప్పాలో నాకు తెలియడం లేదు." ఎవరు రాశారో పేరు లేకపోయినా నాకు తెలుసు.

విభాగం మీటింగులో పదిమంది ముందు పెట్టేకంటే ముందుగా ఆవిడకే చూపిద్దామన్నాడు ఉదయ్‌భాస్కర్. మంచి పని చేశాడు, ఈసారీ నన్ను తోడు తీసుకెళ్ళాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నవ్వుతూనే మొదలుపెట్టారు. చదివే కొద్దీ నవ్వు తగ్గింది. ఆఖరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నా యూనిట్లోనా?" అన్నారు. నావైపు తిరిగారు. "తబితా, నువ్వు చెప్పు. ఇది నిజమేనా?"

నిజమేనండి అన్నాను.

"ఇన్నేళ్ళుగా పక్కనే ఉండి ఒక్క మాట చెప్పలేదేం?"

"నర్సులకి ఫారాలు లేవు కదండి" అన్నాను. నాకు కోపమొస్తే మాట అలాగే వస్తుంది.

ఆవిడ ఫైళ్ళ సంచీ తీసుకుని కారెక్కేశారు. ఆ మర్నాడు క్యారియర్ రాలేదు. ఆ తరవాత రోజూ రాలేదు. ఆవిడ వస్తున్నారు, రౌండ్స్ చేస్తున్నారు, పిల్లలతో కేసు గురించి తప్ప మాట్లాడటం లేదు. ఆవిడకి దెబ్బ తగిలిందని నాకు తెలుసు. నాకూ బాధగానే ఉంది, అలాంటి మనసు ఎంతమందికి ఉంటుంది చెప్పండి. పిల్లలైతే బెంగపడిపోయారు. క్యాంటీన్లో ఇడ్లీ ముందు పెట్టుకుని చావు కబురు విన్నవాళ్ళలా కూర్చునేవారు.

అప్పుడు ఆ తెలివితక్కువ దద్దమ్మలు ఏం చేశారో తెలుసా? అందరూ కలిసి ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి, ప్యాకెట్ పట్టుకుని మేడం గారి గదికి క్షమాపణ చెప్పడానికి బయల్దేరారు. ఏదో తెలియక రాశాం, అంతా బాగానే ఉంది, ఆ జవాబులు కొట్టేయించండి అని అడుగుతారట. ఉదయ్‌భాస్కర్ దారికి అడ్డంపడి బతిమాలాడు. దుర్గని చెయ్యి పట్టుకుని లాగాను. "మీ వదిన బల్ల మీద పడుకున్నాక పూతరేకు చేత్తో పట్టుకుంటావా?" అన్నాను. ఆవిడ అలా మాట్లాడకుండా ఉంటే తట్టుకోలేకపోతున్నానండి అంది. చెయ్యి విడిపించుకుని మిగతావాళ్ళతో లోపలికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను, నా వెనక ఉదయ్‌భాస్కర్. అంత దూరం వచ్చి తలుపు బయట నిలబడే రకం కాదు నేను.

అందరి తరఫునా సాయిప్రసన్న మాట్లాడింది. తప్పుగా రాశామండి మేడం గారూ, మీ దగ్గర మాకు ఏ లోటూ లేదండి అంది. మిగతావాళ్ళు ఆయ్ ఆయ్ అని తలలూపారు. నేను తల పట్టుకున్నాను. పని అయిపోయింది, మళ్ళీ ఐదుకి ఐదు అనుకున్నాను.

మేడం గారు పూతరేకుల ప్యాకెట్ వైపు చూశారు, తరవాత వాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూశారు.

"తప్పుగా రాశారా? సరే అయితే. మీలో సిజేరియన్ మొదట్నుంచి చివరిదాకా తన చేత్తో చేసినవాళ్ళు ఒక్కరు చెయ్యెత్తండి. ఒక్కరు ఎత్తినా మీ మాట నమ్ముతాను."

ఒక్క చెయ్యీ లేవలేదు. బాగుందా అంటే బాగుందని అబద్ధం చెప్పగలరు గానీ, చెయ్యని పనికి చెయ్యెత్తడం ఎలా? దుర్గ తల ఇంకా కిందికి వంచేసింది.

"ఇక నుంచి ఆఖరి ఏడాది పిల్లలు చేస్తారు, నేను ఎదురు పక్కన నిలబడతాను. రెండో ఏడాది వాళ్ళు సంచి కుట్టడం నేర్చుకుంటారు. ఉదయ్, ప్రతి నెలా నీ రెండు ప్రశ్నలూ పంపించు" అన్నారు మేడం గారు. "రేపు మొదటి కేసు దుర్గది."

ఆ మొదటి కేసు కడియం మొక్కల తోటల్లో పనిచేసే బుల్లెమ్మ. బిడ్డ పెద్దది, దారి చిన్నది, అంతకుమించి గడబిడ లేదు. నడుం కింద మత్తిచ్చారు గానీ మనిషి మెలకువగానే ఉంది. ఆపరేషన్ చేసేవాళ్ళు నిలబడేది బల్లకి కుడి పక్క. మేడం గారు అలవాటు కొద్దీ అటే నడిచారు, సగంలో ఆగి, చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వెళ్ళారు. కత్తి నేను దుర్గ చేతిలో పెట్టాను.

చర్మం, దాని కింద పొరలు, అన్నీ నెమ్మదిగా దాటింది. గర్భసంచి దగ్గరికొచ్చేసరికి ఒక్కసారి మేడం గారి వైపు చూసింది. ఆవిడ తలూపారు. కోసింది. కోత సూటిగా వచ్చింది, ఉమ్మనీరు చిమ్మింది, దుర్గ చెయ్యి లోపలికి పోనిచ్చి బిడ్డ తల కిందికి చేర్చింది. తల కదల్లేదు. బిగిసింది. అలా జరగడం మామూలే, కానీ మొదటిసారి చేసేవాళ్ళకి ఆ క్షణం ఎంత పొడుగో నేను చెప్పలేను. దుర్గ నుదుటి మీద చెమట పట్టింది.

మేడం గారి చెయ్యి వచ్చేసింది. ఆవిడ రప్పించింది కాదు, ఇన్నేళ్ళ అలవాటు, దానంతటదే వచ్చింది. దుర్గ చేతి పక్కనుంచి లోపలికి దూరబోయింది. అయిపోయింది, ఈ పిల్ల మళ్ళీ ఆయ్ అండి అని పక్కకి తప్పుకుంటుంది అనుకున్నాను.

దుర్గ తలెత్తలేదు. "రెండు చేతులకి చోటు లేదండి మేడం గారూ" అంది. "మీ చెయ్యి తియ్యండి. పైనుంచి నొక్కండి."

మత్తు డాక్టరు బుల్లెమ్మ మొహానికి అడ్డంగా కట్టిన తెర మీంచి తొంగి చూశాడు. మేడం గారు చెయ్యి తీసేశారు. తీసి, పొట్ట పైభాగాన పెట్టి, దుర్గ చెప్పినట్టే నొక్కారు.

తెర అవతల బుల్లెమ్మ బెదిరిపోయి, ఏమైందండి అంది.

"ఏమీ లేదమ్మా" అన్నారు మేడం గారు. "మీ డాక్టరమ్మ గారు నన్ను కోప్పడుతున్నారు."

ఆ మాట పూర్తవుతుండగానే తల బయటికొచ్చింది, వెనకే భుజాలు, బిడ్డ మొత్తం. ఆడపిల్ల. కెవ్వుమన్న ఏడుపుకి నాకు కళ్ళు మసకబారాయి, చేతులు ఖాళీ లేక తుడుచుకోలేకపోయాను. సంచి కూడా దుర్గే కుట్టింది. నిదానంగా, రెండుసార్లు విప్పి మళ్ళీ వేసి, ఆఖరి దాకా. మేడం గారు దారం పట్టుకుని నిలబడ్డారు, దుర్గ కత్తిరించమన్న చోట కత్తిరించారు.

అంతా అయ్యాక పరికరాలు లెక్కచూసుకుని బయటికొచ్చాను. వరండా చివర మేడం గారు టోపీ కూడా తియ్యకుండా నిలబడి వాళ్ళాయనకి ఫోను చేస్తున్నారు. ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటున్నారు, మొహమంతా నవ్వు.

"ఏవండీ, ఇవాళ నన్ను చెయ్యి తియ్యమందండీ" అంటున్నారు. "ఎవరేంటండీ, మా దుర్గ. అందరి ముందూ అంది. నేను తీసేశాను. బిడ్డని తనే తీసిందండీ, తనే."